చెరువు లోపలి పచ్చికకి జేసీబీ మందు కాదు

ఈ వేసవిలో మా ఊరి చెరువు శుభ్రం చేయించాలని, బయట ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఇంటి పిల్లలూ ఊరి పిల్లలూ కలిసి చందా పోగు చేస్తున్నారు. బెంగుళూరు నుంచి, హోసూరు నుంచి, ఇంకా దూరం నుంచి కూడా డబ్బు పంపుతామని మాట ఇచ్చిన వాళ్ళున్నారు. చాలా సంతోషం. అయితే ఆ డబ్బుతో రెండు జేసీబీలు పెట్టించి, నాలుగు రోజుల్లో జొండూ తూటికాడా అంతా తోడి పారేసి, మిగిలినదానికి మందు కొట్టించాలని అనుకుంటున్నారు. అది వద్దని మా మాట. డబ్బు వద్దని కాదు, పని వద్దని కాదు. ఆ పని ఆ తీరుగా వద్దు. ఎందుకు వద్దో, మరి ఏం చేస్తే బాగుంటుందో కొంచెం వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాం. మీ ఊళ్ళల్లో కూడా ఇలాంటి మాటలే నడుస్తూ ఉండొచ్చు.

మాది కోలారు సీమ. తెలుగూ కన్నడమూ ఒకే నోట పలికే చోటు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని నేల కాబట్టి పెద్దలు ఊరూరా చెరువులు కట్టుకున్నారు. 2007లో చిక్కబళ్ళాపురం విడిపోక ముందు ఉమ్మడి కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులు ఉండేవి. చెరువు అనగానే మనకి కట్ట, తూము, కోడి, కట్ట కింద మడి గుర్తొస్తాయి. కట్టకి లోపలి వైపు, నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడే తడి నేల మాత్రం తొందరగా గుర్తు రాదు. కాగితాల్లో దాన్ని కెరె అంగళ అంటారు. మా ఇళ్ళల్లో ఉత్తగా "చెరువు లోపల" అంటాం. మా మాట ఆ నేల గురించే.

సంక్రాంతి దాటితే నీళ్ళు తగ్గడం మొదలవుతుంది. ఉగాది నాటికి పొలాలన్నీ ఎండి తెల్లబారతాయి. అప్పుడు చెరువు లోపల మాత్రం గరిక, ఊద, లేత తుంగ పచ్చగా లేస్తాయి. మార్చి నుంచి తొలి వానలు పడి గట్ల మీద గడ్డి మొలిచేదాకా ఊళ్ళో గొర్రెలు, మేకలు, ఎనుములు బతికేది చాలావరకు దాని మీదే. దొడ్లో రాగిగడ్డి వామి ఉన్న ఇంటికి అది అదనపు మేత. వామి లేని ఇంటికి అదే వామి. ఆడవాళ్ళు పొన్నగంటి కూర కోసుకొచ్చేదీ అక్కడి నుంచే.

ఇలాంటి ఉమ్మడి మేత నేలకి మనం స్థిరపడ్డ ప్రతి చోటా ఒక పేరుంది. కర్ణాటకలో గోమాళ, తమిళనాట మేయ్చల్ పొరంబోకు, ఒడిశాలో గోచర, మహారాష్ట్రలో గాయరాన్. ఆంధ్ర, తెలంగాణల్లో బంచరాయి అనే మాట ఇంకా రికార్డుల్లో కనిపిస్తుంది. చెరువు లోపలి నేల లెక్కకి వీటిలో చేరదు, అది చెరువు కిందే రాసి ఉంటుంది. కానీ వాడుకలో అది కూడా ఊరి మేత నేలే.

ఎవరూ కలుపు తీయకుండానే కలుపు ఎలా ఆగింది

వెనకటి రోజుల్లో చెరువు లోపల కలుపు తీసే పని అంటూ ఒకటి లేదు. వేరే పనులు చాలా ఉండేవి, వాటితోనే కలుపు ఆగేది.

నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో, ఎవరి మడికి ఎంత నీళ్ళో అతని చేతిలో ఉండేది. ఊరు అతనికి కళ్ళంలో గింజలు కొలిచేది. తూము పని చేసినన్నాళ్ళు నీళ్ళు ఒకే మట్టంలో నిలబడి ఉండేవి కావు. నిండేవి, పారేవి, తగ్గేవి, అడుగు ఎండేది. వేసవిలో రైతులు బండ్లు కట్టి చెరువు మన్ను పొలాలకి తోలుకునేవాళ్ళు. దాంతో అడుగు మరీ మెత్తబడేది కాదు, ఎత్తు పెరిగేది కాదు. జొండు కోసి చాపలు అల్లేవాళ్ళు, కొట్టాల మీద కప్పేవాళ్ళు. ఎనుములు పొద్దస్తమానం నీళ్ళల్లో పడుకుని లేత జొండు, తుంగ మేసి, మిగిలింది తొక్కి పడేసేవి. ఎనుము తొక్కిన చోట జమ్ము లేవడం కష్టం.

ఈ పనులన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. బోర్లు వచ్చాక తూముతో పని తగ్గింది. ఇప్పుడు మా వైపు వెయ్యి అడుగులు దాటి తవ్వినా నీళ్ళు పడని చోట్లున్నాయి, కానీ తూము వైపు మళ్ళీ చూసింది లేదు. నీరుగంటికి గింజలు కొలవడం మానేశారు. సంచి ఎరువు వచ్చాక చెరువు మన్ను బండి ఎక్కలేదు. ప్లాస్టిక్ చాప వచ్చాక జొండు కోసే చెయ్యి లేదు. కోలారంటే ఇప్పుడు బంగారం కాదు, పాలూ పట్టూ. డైరీకి పాలు పోసేది సీమావు. దాన్ని కొట్టంలో కట్టేసి మేపుతాం, చెరువులోకి తోలం. ఎనుములు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

వానలు లేని ఏళ్ళల్లో ఎండిన చెరువుల నిండా సర్కారు తుమ్మ లేచింది. కన్నడంలో బళ్ళారి జాలి, తమిళంలో సీమై కరువేలం అనేది అదే. తర్వాత 2021 నవంబరులో పడ్డ వానలకి మా జిల్లాలో ఎన్నో ఏళ్ళుగా ఎండి ఉన్న చెరువులు కోడి పోయాయి. జనం పోయి పసుపూ కుంకుమా వేసి దండం పెట్టుకున్నారు. ఇంకోవైపు 2018 నుంచి బెంగుళూరులో శుద్ధి చేసిన నీళ్ళని కె.సి. వ్యాలీ పథకం కింద కోలారు చెరువులకి తెస్తున్నారు. రోజుకి 440 మిలియన్ లీటర్లు అనేది ఆ పథకం లెక్క. నీళ్ళు రావడం మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. మేతకి సంబంధించి ఒక్క సంగతి మాత్రం గమనించాలి. ఏ నీళ్ళయినా ఏడాదంతా మోకాటి లోతులో కదలకుండా నిలబడితే, అందులో నత్రజనీ భాస్వరమూ ఎక్కువగా ఉంటే, గరిక చస్తుంది, జమ్ము పెరుగుతుంది. ఊరి మురుగు కాలువ కలిసినా అంతే, పై పొలాల్లో చల్లిన యూరియా వానకి కొట్టుకొచ్చినా అంతే.

అంటే చెరువు లోపల కలుపు పెరగడం జబ్బు కాదు, జబ్బు బయటికి కనిపించే గుర్తు. నీళ్ళు కదలడం ఆగిపోయింది, నోళ్ళూ చేతులూ అక్కడికి రావడం ఆగిపోయింది. జేసీబీ ఈ రెండింటిలో దేన్నీ సరిచేయదు.

ఏది ఏమిటో ముందు తెలియాలి

"పిచ్చి మొక్కలు" అని అన్నింటినీ ఒకే గంపలో వేయడంతోనే పని చెడుతుంది. ఒక్కోదానికి ఒక్కో బలం, ఒక్కో బలహీనత ఉన్నాయి.

జమ్ము, మా వైపు జొండు. తమిళంలో సంబు. మనిషి ఎత్తు పెరిగి, కొసన గోధుమరంగు కండె వేస్తుంది. ఒక్క కండెలో రెండు లక్షలకు పైగా విత్తనాలుంటాయి, దూదిలా గాలికి ఎగురుతాయి. కింద బురదలో దుంపవేరు పాకుతూ పోతుంది. దాని బలహీనత ఏమిటంటే, ఆ బురదలో దుంపకి గాలి అందదు. పైన ఉన్న ఆకు, ఎండిన కాడ కూడా, గొట్టంలాగా గాలిని కిందికి దింపుతాయి. నీటి మట్టానికి కింద కోసి, కోసిన మోడు మీద నీళ్ళు నిలబడేలా చూస్తే దుంప ఊపిరాడక కుళ్ళుతుంది. ఒక్కసారి కోస్తే చాలదు. ఒకే కాలంలో రెండు మూడు సార్లు, మళ్ళీ చిగురు నీటి పైకి రాగానే కోయాలి.

తుంగ. ఇది మొత్తం శత్రువు కాదు. లేతగా ఉన్నప్పుడు పశువు తింటుంది. ముదిరితే ముట్టదు. దీని బలం నేలలోని గడ్డల్లో ఉంది. దున్నినా తవ్వినా ఒక్కో గడ్డ వేరుపడి పది చోట్ల లేస్తుంది. కాబట్టి తుంగని తవ్వకూడదు. ముదరకుండా కోస్తూ, మేపుతూ, గరికకి వెలుతురు అందేలా చూడాలి.

తూటికాడ. ఊదారంగు గంటపూలు పూసే గుబురు మొక్క. తెలంగాణ వైపు లొట్టపీసు అంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు మన వాళ్ళకి నెయ్వేలి కాట్టామణక్కు అంటే తెలుస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. పశువు మామూలుగా ముట్టదు. కరువులో వేరే గతి లేక మేకలూ గొర్రెలూ అదే పనిగా తింటే తల వణుకు, తూలడం మొదలై చివరికి చచ్చిపోతాయి. దీని కాడ ముక్క తడి మట్టి మీద పడితే చాలు, వేరు వేస్తుంది. నరికి అక్కడే వదిలేయడమంటే నాట్లు వేయడమే.

గుర్రపు డెక్క. దీని పుట్టిల్లు అమెజాన్ ప్రాంతం. వెచ్చగా ఉండి ఎరువు నీళ్ళు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. విత్తనం బురదలో ఇరవై ఏళ్ళ దాకా బతకగలదు. అందుకే ఒక ఏడాది తీసేశాం, అయిపోయింది అనుకోవడానికి లేదు. దీన్ని తినే ముక్కుపురుగుల్ని 1980ల్లో మన దేశానికి తెప్పించి బెంగుళూరు చుట్టుపక్కల చెరువుల్లోనే మొదట వదిలారు. అవి పని చేస్తాయి, కానీ నిదానంగా. ఆ పురుగులు ఉన్న చెరువులో మందు కొడితే వాటి తిండి పోతుంది, అవీ పోతాయి.

ఇక నీళ్ళు తగ్గిన అంచుల్లో వయ్యారిభామ. పూత రాకముందే పీకితే పోతుంది, పూత వచ్చాక పీకితే పీకిన వాడికి దురద, ఆయాసం. దీని పని వానల తర్వాత నాలుగు వారాల్లోపే అయిపోవాలి.

జేసీబీ ఏం చేస్తుంది

జేసీబీ బకెట్ పై నుంచి జాన లోతు తీయదు. అడుగూ రెండడుగులూ తీస్తుంది. ఆ మొదటి అడుగులోనే గరిక వేళ్ళు, మంచి గడ్డి విత్తనాలు ఉంటాయి. అవి పోతాయి. జమ్ము దుంప మాత్రం ముక్కలై మిగులుతుంది, తుంగ గడ్డలు నలుమూలలకీ చెదిరిపోతాయి, తూటికాడ ముక్కలు చక్రాలకి అంటుకుని కాలువల దాకా పోతాయి. తవ్వినచోట గుంతలు పడతాయి. వాన వస్తే ఆ గుంతల్లో నీళ్ళు నిలబడతాయి, వేసవిలో కూడా ఎండవు. ఏటవాలుగా ఉండాల్సిన అడుగు గుంతలమయం అయితే మేతకి నేల మిగలదు. జమ్ముకి కావాల్సినది సరిగ్గా అదే. పైగా పైకి నీళ్ళు సమంగా కనిపించే చోట లోపల గుంత ఉంటే పశువుకీ, ఈతకి దిగే పిల్లలకీ ప్రాణాపాయం. చెరువు గుంతల్లో మునిగిపోయిన పిల్లల వార్తలు ప్రతి వేసవిలోనూ చదువుతూనే ఉన్నాం.

ఇంకొక సంగతి కూడా ఉంది. మన్ను తీయడం మొదలైతే ఆ మన్ను ఎటు పోతుందో చూసే వాళ్ళు కావాలి. పొలాలకి పోతే మంచిదే. ఇటుకబట్టీలకి పోతే ఊరి సొత్తు టిప్పరెక్కి పోయినట్టే. నాలుగు రోజుల పనిలో ఇవన్నీ ఎవరు చూస్తారు?

జేసీబీ ఎప్పుడూ వద్దని కాదు. పూడిపోయిన తూము ముందర మేట తీయడానికి, కాలువ నోరు తెరవడానికి, సర్కారు తుమ్మని వేరుతో సహా పెకిలించడానికి అది కావాలి. ఆ పని ఒక రోజుది. చందాలో ఆ ఒక్క రోజు ఖర్చు పెట్టండి.

మందు మాటకి వస్తే, గ్లైఫోసేట్‌ని లైసెన్సు ఉన్న పురుగుమందుల నిర్వాహకులు తప్ప వేరేవాళ్ళు వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. అయినా అంగట్లో దొరుకుతుందని, చేతి పంపుతో కొట్టేస్తామని అంటున్నారు. నీళ్ళ మీద కొడితే ఆ నీళ్ళు ఎవరు తాగుతారో గుర్తుంచుకోవాలి. 2,4-డి కొడితే ఆకు వెడల్పుగా ఉన్నవి మాత్రమే పోతాయి, జమ్ముకి ఏమీ కాదు. దానికి ఇంకో చిక్కుంది. మందు పడి వాడుతున్న విషపు మొక్క పశువుకి ఎప్పటికన్నా రుచిగా అనిపించవచ్చు. పచ్చిగా ఉన్నప్పుడు వాసన చూసి వదిలేసిన మేక, వాడాక తింటుంది. నీళ్ళల్లో ఒక్కసారిగా చచ్చిన గుర్రపు డెక్క అడుగుకి చేరి కుళ్ళితే నీళ్ళల్లో ప్రాణవాయువు తగ్గి చేపలు తేలతాయి.

నోళ్ళు ఆపితే ఏమవుతుంది

"పశువుల్ని తోలితే చెరువు పాడవుతుంది, కంచె వేసి వదిలేస్తే పక్షులు వస్తాయి" అని ఇంకొంతమంది పిల్లలు అంటున్నారు. ఈ మాటలో సగం నిజముంది. జమ్ము పొదల్లో నీటికోళ్ళు గూళ్ళు పెడతాయి, ఆ పొదలు మురుగుని కొంత వడకడతాయి. అందుకే మేము జమ్ము మొత్తం తీసేయమని అనడం లేదు. కానీ కంచె మాట విన్నప్పుడు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సంగతి గుర్తు చేసుకోవాలి.

అక్కడి కేవలాదేవ్ పక్షుల అభయారణ్యం లోకమంతా తెలిసిన చోటు. 1982లో అందులో పశువుల మేతని పూర్తిగా ఆపేశారు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఎదురు తిరిగితే పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. ఎనుములు మేయకపోయేసరికి నీటి గడ్డి విపరీతంగా పెరిగి, పక్షులు దిగి ఈదాల్సిన నీటి జాగాని కప్పేసింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఏళ్ళ తరబడి పరిశీలించి, ఎనుముల మేత ఆ గడ్డిని అదుపులో పెడుతూ వచ్చిందనీ, దాన్ని ఆపడం పక్షులకే చేటు చేసిందనీ తేల్చారు. పక్షుల్ని కాపాడాలని ఆపిన మేత పక్షులకే కావలసి వచ్చింది.

మా చెరువు భరత్‌పూర్ కాదు, ఆ అడవి పెద్దదీ ఈ చెరువు చిన్నదీ. కానీ తడి నేల మీద గడ్డి పెరిగే తీరు రెండు చోట్లా ఒకటే. మేసే నోరు లేకపోతే ముదురు గడ్డి గెలుస్తుంది.

అలాగని ఎప్పుడంటే అప్పుడు తోలమని కాదు. తడి నేల మేతకి తన రోగం తనకుంది. నిలవ నీటి అంచున నత్తలుంటాయి, వాటి నుంచి కార్జపు జలగ గొర్రెలకి చేరుతుంది. గడ్డం కింద నీరు దిగి, పాలిపోయి, చిక్కిపోతాయి. నీళ్ళు అప్పుడే తగ్గిన బురద అంచుకి గొర్రెల్ని తోలకుండా, కొంచెం ఆరిన పట్టీలో మేపుకోవాలి. వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పశువుల డాక్టరుని అడిగి మందు తాగించుకోవాలి. నీళ్ళల్లోకి దిగాల్సింది ఎనుములు.

మేము చేయమంటున్న పని

చందా డబ్బు ఒకే వేసవిలో ఖర్చు పెట్టకుండా మూడేళ్ళకి పంచండి. ఇదే అన్నింటికన్నా ముఖ్యం. దుంపలో, గడ్డలో, బురదలోని విత్తనంలో దాగి ఉన్న కలుపు ఒక ఏడాదిలో పోయేది కాదు. మొదటి ఏడాది ఎంత బాగా చేసినా రెండో ఏడాది పని చేయకపోతే మూడో ఏడాదికి మళ్ళీ మొదటికే వస్తాం.

మొదటి పని తూము. తూము తెరుచుకోవాలి, మూసుకోవాలి. నీళ్ళని దించగలిగితేనే మిగతా ఏ పనైనా. ఇక్కడ ఒక తగువు తప్పదు. చేపల పాట పాడుకున్న వాళ్ళకి నీళ్ళు నిలబడి ఉండాలి, మేతకి నీళ్ళు తగ్గాలి. ఈ రెండూ వచ్చే పాటకి ముందే కూర్చుని మాట్లాడుకుని, ఏ నెలలో ఏ మట్టం అనేది పాట షరతుల్లోనే రాయించాలి. పాట అయిపోయాక అడిగితే అది గొడవే అవుతుంది. చెరువు ఎవరి చేతి కింద ఉందో కూడా ముందే చూసుకోవాలి. కర్ణాటకలో 40 హెక్టార్లకి తక్కువ ఆయకట్టు ఉన్న చెరువులు పంచాయతీల కింద, అంతకన్నా పెద్దవి చిన్న నీటిపారుదల శాఖ కింద ఉంటాయి. అనుమతి లేకుండా తూము ముట్టుకోకూడదు.

రెండో పని కోత. మాఘం, ఫాల్గుణంలో నీళ్ళు మోకాలికి దిగగానే జమ్ముని నీళ్ళ కింద కోయించాలి. నాలుగైదు వారాలకి చిగురు పైకి రాగానే ఇంకోసారి. కండె పగిలి దూది ఎగరక ముందే కోత అయిపోవాలి. కోసింది ఒడ్డుకి లాగి ఎండబెట్టాలి. ఎండింది పరుపు గడ్డిగా కొట్టాల్లోకి, దిబ్బలోకి పోతుంది. వానాకాలంలో నీళ్ళు మోడుల్ని కప్పితే సగం పని చెరువే చేస్తుంది. కోలారులో ఎక్కువ వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది కాబట్టి వేసవి చివరి కోత మరీ ముందుగా ఆపేయకూడదు. కాలువ నీళ్ళు చెరువులోకి దిగే మూతి దగ్గర మాత్రం ఒక పట్టీ జమ్ముని అలాగే ఉంచండి. మురుగు అక్కడ వడకట్టుకుంటుంది, నీటికోళ్ళకి గూడు ఉంటుంది.

మూడోది తూటికాడ. నరకొద్దు. తడి మీద ఉన్నప్పుడే వేరుతో పీకించి, కట్ట అవతల బండ మీదో గట్టి నేల మీదో వేసి పూర్తిగా ఎండేదాకా ఉంచాలి. ఏడాదికి ఒక మూల చొప్పున చేసుకుంటూ పోయినా సరే, తీసిన మూల మళ్ళీ మొలవకుండా చూడాలి.

నాలుగోది, తీసిన చోటుని ఖాళీగా వదలొద్దు. కలుపు తీసిన తడి నేల పది రోజులు ఖాళీగా ఉంటే కలుపే తిరిగి వస్తుంది. గట్ల మీద నుంచి గరిక కాడలు తెచ్చి గుచ్చితే పట్టుకుంటుంది. మరీ తడి చోట పారా గడ్డి వేయొచ్చు. అది సీమావులకి కోసి వేయడానికి పనికొస్తుంది. హైదరాబాదులో మూసీ పక్కన డైరీల కోసం పెంచేది ఈ గడ్డే. కానీ దాన్ని ఒక మడి లెక్కన కట్టుబాటులో పెట్టాలి, వదిలేస్తే అది కూడా చెరువంతా పాకుతుంది. మురుగు నీళ్ళు ఎక్కువగా కలిసే మూల మేత గడ్డి వేయకపోవడమే మంచిది.

ఐదోది మనుషులు. కోత పనికి కూలి బయటి కాంట్రాక్టరుకి ఇవ్వొద్దు. ఊళ్ళో గొర్రెలూ మేకలూ ఉన్న ఇళ్ళ వాళ్ళకే ఇవ్వండి. ఎనుము పెట్టుకునే ఇంటికి చందాలోంచి ఏదైనా సాయం చేయండి. తూము చూసే మనిషికి నెల జీతం పెట్టండి, కళ్ళంలో గింజలు కొలిచిన మర్యాద డబ్బు రూపంలో తిరిగి రావాలి. కోసిన మేత ఎవరిది, ఏ పట్టీ ఏ నెల తెరవాలి అన్నది ముందుగా వాళ్ళని అడగండి. మా కుటుంబం లాంటి వాళ్ళకి చెరువు లోపలి గడ్డి లేకపోతే పొయ్యి ఆగదు. కొనుక్కొచ్చే మేత ఉంది, బోరు ఉంది, నెలనెలా బెంగుళూరు నుంచి వచ్చే డబ్బు ఉంది. పది గొర్రెల ఇంటికి ఇవేవీ లేవు. డబ్బు పంపేవాడి మాట పైచేయి కావడం మామూలే, కానీ ఈ పనిలో మేపేవాడి మాట పైన ఉండాలి.

ఎందుకింత పట్టుదల అంటే

ఇది మేత గురించి మాత్రమే అయితే ఇంత పొడుగు రాయనక్కర్లేదు. కలుపుతో నిండిన చెరువు లోపలికి ఇంకో అపాయం ఉంది. వాడుకలో లేని నేల ఎవరికైనా ఖాళీ నేలగా కనిపిస్తుంది. నాలుగేళ్ళు పశువు అడుగు పెట్టకపోతే, "అక్కడ ముళ్ళకంప తప్ప ఏముంది" అనే మాట పుడుతుంది. ఆ మాట పుట్టాక అంచు నుంచి పొలం గట్టు లోపలికి జరుగుతుంది, తర్వాత షెడ్డు లేస్తుంది, తర్వాత అర్జీ పడుతుంది. మన వైపు బెంగుళూరు ఎంత వేగంగా జరుగుతూ వస్తోందో అందరికీ తెలుసు. ఎకరం ధర చూస్తే చెరువు అంగళం మీద కన్ను పడకుండా ఉండదు.

చట్టం మన వైపే ఉంది. ఊరి ఉమ్మడి నేలల ఆక్రమణలని తొలగించి ఊరికి తిరిగి అప్పగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు 2011 జనవరిలో అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఆ కేసు కూడా పటియాలా జిల్లాలో ఒక ఊరి చెరువు గురించే. కర్ణాటక రెవెన్యూ నియమాలు ప్రతి నూరు పశువులకి 12 హెక్టార్ల మేత నేల ఉంచాలని అంటాయి. కానీ కోర్టుకి పోయి గెలిచేది కాగితం మీద. నేల మీద సాక్ష్యం ఏమిటంటే, పొద్దున్నే అక్కడికి నడిచే పశువులూ వాటి వెనక నడిచే మనిషీ. ఆ నడక దారి ఉన్నన్నాళ్ళు ఆ నేలని ఖాళీ అనడానికి ఎవరికీ నోరు రాదు.

కాబట్టి పిల్లలకి మా మాట ఇది. జేసీబీకి అడ్వాన్సు ఇవ్వకండి. ముందు ఒక ఆదివారం ఊరికి రండి. పంచాయతీ వాళ్ళనీ, చేపల పాట వాళ్ళనీ, గొర్రెలు కాసే వాళ్ళనీ, తూము సంగతి తెలిసిన ముసలాయన్నీ కూర్చోబెట్టుకుని చెరువు లోపల ఒక చుట్టు నడవండి. ఎక్కడ జమ్ము, ఎక్కడ తుంగ, ఎక్కడ తూటికాడ, ఎక్కడ గరిక ఇంకా బతికి ఉంది అనేది ఒక కాగితం మీద గీసుకోండి. ఫిబ్రవరిలో మొదటి కోత మొదలుపెట్టండి, ఒక్క మూలే అయినా సరే. మా ఇంటి వంతు చందా మూడేళ్ళకీ ఇస్తాం.

కోవిల్పట్టి వైపు కణ్మాయిలు ఉన్న మన వాళ్ళు, గంజాం వైపు మన వాళ్ళు, యానాం దగ్గర గోదావరి లంకల్లో పశువులు మేపే మన వాళ్ళు ఇలాంటి నేలని ఎలా కాపాడుకుంటున్నారో రాయండి. మీ దగ్గర ఏ కలుపుకి ఏ పేరు, ఏ నెలలో కోస్తారు, కోసింది ఏం చేస్తారు, ఎనుములు ఇంకా దిగుతున్నాయా? పనికొచ్చేది ఏదైనా ఉంటే ఫిబ్రవరి కోతకి ముందే మా వాళ్ళకి చేరవేస్తాం.